‘పట్టుకొని ఏడ్చింది’ అని రాస్తే తప్పా? ‘కౌగిలించుకొని’ అనే రాయాలా?

మిర్యాల_పంతులమ్మ
నేను ఒక ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి పిల్లలకు తెలుగు చెప్తాను. సెలవుల్లో ఏం చేశారో పది వాక్యాల్లో రాయమన్నాను. ఒక అమ్మాయి "మేము తిరిగి వచ్చే రోజు అమ్మమ్మ నన్ను పట్టుకొని ఏడ్చింది" అని రాసింది. నేను ‘పట్టుకొని’ కింద ఎర్ర గీత గీసి, పైన ‘కౌగిలించుకొని’ అని రాసి ఇచ్చాను. మర్నాడు ఆ పిల్ల తల్లి బడికి వచ్చింది. ఆమెకు నా మీద కోపమేమీ లేదు. పుస్తకం తెరిచి, ఆ మాట మీద వేలు పెట్టి, "మా అమ్మ గట్ల చెయ్యలే టీచరమ్మా, పట్టుకొని ఏడ్చింది, అంతే" అని చెప్పి వెళ్లిపోయింది. మూడు రోజులుగా ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు. మనిషిని దగ్గరికి తీసుకోవడం అనే అర్థం ‘పట్టుకొను’ అన్న క్రియకు ఒంటరిగా ఉందా? లేక నేను దిద్దినదే సరైనదా? తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

వాకిట్లో_వ్యాకరణం
మీరు దిద్దినది సరైనదే. పట్టుకోవడం అంటే చేతిలోనిది జారకుండా, పోకుండా నిలుపుకోవడం. గొడుగును పట్టుకుంటాం, బస్సులో కడ్డీని పట్టుకుంటాం, దొంగను పట్టుకుంటాం. మనిషిని రెండు చేతులతో ఎదకు చేర్చుకోవడానికి మన భాషలో ‘కౌగిలించుకొను’ అని వేరే మాట ఉన్నది. బ్రౌన్ 1852లో అచ్చువేసిన నిఘంటువులో కూడా ఈ రెండూ వేరువేరు మాటలుగానే కనిపిస్తాయి. ముప్పై ఏళ్లు కళాశాలలో తెలుగు చెప్పిన అనుభవంతో అంటున్నాను, పిల్లలకు ఉన్న మాటతో సరిపెట్టుకోవడం నేర్పితే లేని మాట ఎప్పటికీ రాదు.

దేవరకొండ_దారి
పై అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. మా ఊళ్లో ‘కౌగిలించుకొను’ అనే మాటను పెద్దల ముందు ఎవరూ పలకరు. అది ఆలుమగల మాట. చావు ఇంటికి వెళ్లినప్పుడు ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకొని ఏడుస్తారు, మెడ మీద పడి ఏడుస్తారు. అక్కడ కూర్చొని ‘కౌగిలించుకొని ఏడ్చారు’ అని ఎవరైనా అంటే విన్నవాళ్లు తల దించుకుంటారు. ఆ తల్లి పుస్తకం తీసుకొని బడిదాకా ఎందుకు వచ్చిందో నాకు బాగా అర్థమవుతున్నది.

జడ్చర్ల_జంక్షన్
మా ఇంట్లో ఆ మాట రేడియోలో పాట వచ్చినప్పుడే వినబడేది, వెంటనే మా నాయన రేడియో గొంతు తగ్గించేవాడు.

పాత_రైటరు
ఈ క్రియతో నాకు ముప్పై ఏళ్ల సంబంధం ఉన్నది. పోలీసు స్టేషనులో రైటరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఫిర్యాదు చెప్పేవాళ్లలో చాలామందికి అక్షరం రాదు, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయడమే మా పని. ఒకసారి గట్టు తగాదాలో ఒక ఆడమనిషి వచ్చి "నన్ను పట్టుకున్నడు సారూ" అన్నది. నేను అట్లాగే రాశాను. కోర్టులో అవతలి వకీలు లేచి, "గట్టు మీద కాలు జారి పడబోతుంటే పట్టుకున్నాడా, లేక పోనీయకుండా పట్టుకున్నాడా, ఈ కాగితంలో ఎక్కడ ఉన్నది?" అని అడిగాడు. ఆమె నిలబడి ఏడ్చింది. కాగితంలో నిజంగానే లేదు. ఆమె నోట ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలోనే అర్థం మొత్తం ఉన్నది, నా రాతలోకి మాత్రం అది రాలేదు. ఆనాడు అట్లాంటి కేసుకు భారత శిక్షాస్మృతి 354 సెక్షను పెట్టేవాళ్లం, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 74గా మారింది. సెక్షను అంకె ఏదైనా కాగితంలో క్రియ స్పష్టంగా ఉండాలి. ఆ కేసు తరువాత ఎవరు ‘పట్టుకున్నడు’ అన్నా, ఎక్కడ పట్టుకున్నాడు, ఏ చేత్తో, ఎంతసేపు, విడవమంటే విడిచాడా అని అడిగి రాసుకునేవాణ్ని.

వాకిట్లో_వ్యాకరణం
రైటరు గారు నా వాదానికే బలం ఇచ్చారు. ఒకే మాట ఆదుకోవడానికీ అఘాయిత్యానికీ సరిపోతుంటే, రాతలో ఇంకా కచ్చితమైన మాట కావాలి.

దేవరకొండ_దారి
కాదండీ, ఆయన ‘పట్టుకొను’ను తీసేసి వేరే మాట పెట్టలేదు. ఎక్కడ, ఎట్లా అని పక్కన చేర్చాడు. ఆ రెండింటికీ చాలా తేడా ఉన్నది.

ఉడుంపట్టు
చర్చ మంచి చోటికి వచ్చింది కనుక కొంచెం వివరంగా రాస్తాను. ‘పట్టుకొను’ తనంతట తాను ఏ భావమూ చెప్పదు. ఏ అవయవాన్ని పట్టుకున్నారన్నదే మొత్తం కథ చెప్తుంది. కాళ్లు పట్టుకుంటే వేడుకోవడం, గడ్డం పట్టుకుంటే బతిమాలడం, కొంగు పట్టుకుంటే తల్లిని వదలని పిల్లవాడు, జుట్టు పట్టుకుంటే కొట్లాట, అంగీ కాలరు పట్టుకుంటే నిలదీయడం. చెయ్యి పట్టుకోవడం దగ్గర మరీ చిక్కు ఉన్నది. పెండ్లిలో పాణిగ్రహణం అన్నా చెయ్యి పట్టుకోవడమే, రైటరు గారి కాగితంలోకి ఎక్కేదీ చెయ్యి పట్టుకోవడమే. మెడ సంగతి చూడండి. "మెడ పట్టుకొని ఏడ్చింది" అంటే ప్రేమ, "మెడ పట్టుకొని బయటికి నెట్టింది" అంటే అవమానం. వెనక వచ్చే క్రియ వినేదాకా ముందున్న ‘పట్టుకొని’కి అర్థం తేలదు. అందుకే ఆ చిన్నపిల్ల వాక్యంలో నాకు లోపం కనిపించలేదు. ‘ఏడ్చింది’ అన్న మాటే ఆ ‘పట్టుకొని’ ఎట్లాంటిదో చెప్పేసింది.

ఇంకొక సంగతి కూడా గమనించండి. ‘పట్టు’కూ ‘పట్టుకొను’కూ నడుమ ఉన్న ఆ ‘కొను’ ఊరికే వచ్చి చేరినది కాదు. "అయ్యకు గొడుగు పట్టాడు" అంటే నీడ అయ్యకు. "గొడుగు పట్టుకున్నాడు" అంటే గొడుగు తన కోసం, తన చేతిలో. కాళ్లు పట్టడం అంటే నొప్పి తీరేటట్టు నొక్కడం, సుఖం ఎదుటివాళ్లకు. కాళ్లు పట్టుకోవడం అంటే అవసరం తనది. ఆ రకంగా చూస్తే అమ్మమ్మ మనుమరాలిని ‘పట్టుకొని’ ఏడ్చిందంటే, దుఃఖం ఆగక తన కోసమే పట్టుకున్నదని ఆ పిల్ల చెప్పినట్టు అయింది.

జడ్చర్ల_జంక్షన్
మా దిక్కు కాళ్లు పట్టడం అనరు, కాళ్లు ఒత్తుడు, పిసుకుడు అంటారు. కాళ్లు పట్టుకునుడు మాత్రం అందరికీ తెలుసు, అప్పు అడగబోయినవాళ్లకు మరీ బాగా తెలుసు.

ప్రసూతి_వార్డు
నేను ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సును. మా దగ్గర ఈ మాటలకు తేడా రాకపోతే ప్రమాదం. ‘పట్టుకో’, ‘ఎత్తుకో’ రెండూ ఒకటి కావు. ఎత్తుకోవడం అంటే సంకకు ఎక్కించుకోవడం. నెలల బిడ్డకు మెడ నిలబడదు, మెడ నిలబడేదాకా సంకకు ఎత్తుకోకూడదు. అందుకే కొత్తగా తండ్రి అయినవాళ్లకు "నెత్తి కింద ఒక చెయ్యి, పిర్రల కింద ఒక చెయ్యి పెట్టి పట్టుకో" అని చూపించి మరీ చెప్తాం.

బరువు తక్కువగా పుట్టిన బిడ్డలను తల్లి ఎదకు, చర్మానికి చర్మం ఆనేటట్టు ఉంచి, పైన బట్ట కట్టి గంటల తరబడి ఉంచమంటాం. కంగారూ పద్ధతి అంటారు దాన్ని. ఆ బట్టలోని వెచ్చదనమే బిడ్డను కాపాడుతుంది. మొదట్లో నేను పుస్తకం మాటతో "బిడ్డను హత్తుకోండమ్మా" అనేదాన్ని. తండా నుంచి వచ్చినవాళ్లూ, ఊళ్ల నుంచి వచ్చినవాళ్లూ నా ముఖం చూసేవాళ్లు. "రొమ్ముకు పట్టుకో" అంటే పాలు పట్టమన్నానని అనుకొనేవాళ్లు. పాలు పట్టడంలో కూడా ఇదే క్రియ ఉన్నది కదా. చివరికి ఒక ముసలమ్మ నా మాటను తన కోడలికి తిప్పి చెప్పింది: "ఎదకు ఆనిచ్చుకొని పట్టుకొమ్మంటున్నది, ఇడువకు." అప్పటి నుంచి నేనూ అదే అంటున్నాను.

మక్తల్_మగ్గం
నర్సమ్మ గారు ‘హత్తుకొను’ అన్నారు కనుక చెప్తున్నాను. మాది కర్ణాటక సరిహద్దు, మా ఇంట్లో సగం కన్నడం. కన్నడంలో ‘హత్తు’ అంటే అంటుకోవడం, ఎక్కడం. పాత కన్నడంలో పకారం ఉన్న చోట తరువాత హకారం వచ్చింది. మన పాలు వాళ్లకు హాలు, మన పులి వాళ్లకు హులి. ఆ లెక్కన ‘హత్తు’ ఒకప్పుడు ‘పత్తు’. అది మన ‘పట్టు’ కాదా అని నాకు చాలాకాలంగా అనుమానం. వ్యాకరణం గారు చెప్పాలి.

వాకిట్లో_వ్యాకరణం
మీ అనుమానం సరైనదే, నేను ఇంతకాలం ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూడనందుకు విచారిస్తున్నాను. తమిళంలో దీనికి ‘పఱ్ఱు’ అంటారు, గట్టిగా పట్టుకోవడం, అంటిపెట్టుకోవడం అని అర్థం. తమిళంలో రెండు బండి ఱకారాలు ఉన్న చోట తెలుగులో టకార ద్విత్వం, కన్నడంలో తకార ద్విత్వం వస్తాయి. తమిళంలో చుఱ్ఱు, తెలుగులో చుట్టు, కన్నడంలో సుత్తు. తమిళంలో పుఱ్ఱు, తెలుగులో పుట్ట, కన్నడంలో హుత్త. అదే వరుసలో పఱ్ఱు, పట్టు, హత్తు నిలుస్తాయి. అచ్చ తెలుగు మాటలు హకారంతో మొదలుకావడం చాలా అరుదు కనుక, మన ‘హత్తుకొను’ కన్నడం దారిన మన ఇంటికి వచ్చి ఉంటుందని భావించడం సమంజసం. అంటే పుస్తకాల్లో మనం ఎంతో మృదువైనదిగా భావించే ‘హత్తుకొను’, ఆ అమ్మాయి రాసిన ‘పట్టుకొను’ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలన్నమాట. ఇది తెలిసిన తరువాత ‘పట్టుకొను’లో ఆ అర్థం లేదని నేను అనలేను. నా మొదటి పోస్టులో నేను తొందరపడ్డాను.

పోచంపల్లి_చిటికి
మేము ఇంటిల్లిపాదీ పొద్దంతా పట్టు పట్టుకొనే కూర్చుంటాం. ఆ పట్టు కూడా ఇదేనా?

వాకిట్లో_వ్యాకరణం
కాదు. చీరెల పట్టు సంస్కృతంలోని ‘పట్టము’ నుంచి వచ్చిన వేరే మాట. పలకడంలో మాత్రమే ఒకటిగా ఉన్నాయి.

జడ్చర్ల_జంక్షన్
మరి జ్వరం పట్టుకున్నది, దయ్యం పట్టింది, నిద్ర పట్టింది, తుప్పు పట్టింది? ఇక్కడ మనిషి పట్టుకోవడం లేదు, మనిషినే ఏదో పట్టుకుంటున్నది. ‘రెండు గంటలు పడుతుంది’ అన్నప్పుడు కూడా ఇదే క్రియనా?

ఉడుంపట్టు
అదే క్రియ. జరిగిపోయిన దానిలో చెప్పి చూడండి, బయటపడుతుంది. వాన ‘పడింది’ అంటాం, సమయం ‘పట్టింది’ అంటాం. జరగబోయేది చెప్పేటప్పుడు మాత్రం రెండూ ‘పడుతుంది’ అని ఒకే రూపంలో కలిసిపోయాయి. ‘పట్టించుకోవడం’ కూడా ఈ కుటుంబమే. ఎదుటివాడి కష్టం మనకు పట్టేటట్టు చేసుకోవడమే పట్టించుకోవడం.

మర్రిగూడ_మనుమడు
మనిషిని ఏదో పట్టుకోవడం గురించి రాశారు కనుక మా నానమ్మ గురించి రాయాలనిపించింది. మాది ఫ్లోరైడు నీళ్ల ఊరు. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని చెప్తారు, మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు వచ్చేది. ఆ నీళ్లే తాగి నానమ్మకు నడుము పట్టుకున్నది, తరువాత మెడ పట్టుకున్నది, చివరికి మోచేతులు కూడా. మా ఊళ్లో ఆ రోగానికి ఇంకో క్రియ లేదు, ‘పట్టుకున్నది’ అంటే చాలు, అందరికీ అర్థమవుతుంది. ఆమె చేతులు భుజాల పైకి లేచేవి కావు, పూర్తిగా చాపడం కూడా వచ్చేది కాదు. నేను హాస్టలుకు పోయేటప్పుడు మంచం మీద కూర్చొని, "నాకు చేతులు రావు బిడ్డా, నువ్వే నన్ను పట్టుకో" అనేది. నేను వంగి పట్టుకొనేవాణ్ని. ఆమె తల నా భుజానికి ఆనించి కాసేపు ఉండేది. రోగానికీ, నాకూ ఆమె వాడింది ఒకే క్రియ. దాన్ని నేను ఇంకే మాటతోనూ రాయలేను, ఎవరైనా దిద్దితే ఊరుకోను.

ప్రసూతి_వార్డు
మీ పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

బొంబాయి_బస్సు
మాది పాలమూరు. నా చిన్నతనంలో మా నాయన బొంబాయికి కూలికి పోయి ఏడాదికి ఒకసారి వచ్చేవాడు. ఒకసారి రాత్రి బస్సు దిగి వచ్చి నన్ను పట్టుకోబోతే, నేను గుర్తుపట్టక అమ్మ వెనక దాక్కున్నాను. "గుర్తు పట్టలేదే బిడ్డ" అని ఆయన నవ్వినట్టే నవ్వి వాకిట్లో కూర్చున్నాడు. గుర్తుపట్టడంలో కూడా ఈ పట్టే ఉన్నదని ఈ చర్చ చదువుతుంటే తట్టింది. నేను గుర్తు పట్టిన తరువాతనే ఆయన నన్ను పట్టుకోగలిగాడు, దానికి రెండు రోజులు పట్టింది.

బీచుపల్లి_గట్టు
2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు బీచుపల్లి ఘాటుకు పోయినప్పుడు మా అమ్మ నా మణికట్టును ఎట్లా పట్టుకున్నదంటే, ఇంటికి వచ్చేదాకా వేళ్ల గుర్తులు పోలేదు. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు.

దేవరకొండ_దారి
మగవాళ్ల సంగతి ఎవరూ రాయలేదు. దసరా నాడు పాలపిట్టను చూసి, జమ్మి ఆకు చేతిలో పెట్టి, ఒకరినొకరు దగ్గరికి తీసుకుంటాం కదా. దానికి మనం ‘అలాయ్ బలాయ్ తీసుకొను’ అంటాం. ఏడాదంతా మాటలు లేనివాళ్లు కూడా ఆ రోజు తీసుకుంటారు. అక్కడ పట్టుకోవడం లేదు, కౌగిలించుకోవడం లేదు. తీసుకోవడమే. కాబట్టి ఈ పనికి మనకు మాటలు లేక కాదు, మనిషిని బట్టి, సందర్భాన్ని బట్టి ఏ మాట వాడాలో మన వాళ్లకు తెలుసు. పండుగకు ఒకటి, చావుకు ఒకటి, పసిబిడ్డకు ఒకటి. పుస్తకం మాత్రం అన్నిటికీ కలిపి ఒకే మాట ఇచ్చి ఇదే రాయమంటున్నది.

మక్తల్_మగ్గం
పిల్లలు ‘చెయ్యి వట్టుకొని’ అని రాస్తే దాన్ని కూడా తప్పుగా దిద్దుతారు. అది తప్పా?

వాకిట్లో_వ్యాకరణం
తప్పు కాదు. ప్రథమా విభక్తి మీద వచ్చే క, చ, ట, త, ప అక్షరాలకు గ, స, డ, ద, వ అక్షరాలు వస్తాయని చిన్నయసూరి సూత్రమే చేశాడు. బడిలో దాన్ని గసడదవాదేశ సంధి అని బట్టీ పట్టిస్తాం, అదే సంధి పిల్లవాడి నోట సహజంగా వస్తే ఎర్ర గీత గీస్తాం. నేనూ గీసినవాణ్నే. పరీక్ష కాగితంలో ‘పట్టుకొని’ అని రాయడం అవసరమే, కానీ ‘వట్టుకొని’ యాస అనీ, తప్పు అనీ పిల్లవాడికి చెప్పకూడదు.

పాత_రైటరు
పంతులమ్మ గారు ఒక పని చేస్తే బాగుంటుంది. మనం ఇంతమందిమి ఇన్ని రకాలుగా చెప్పాం. ఆ పిల్లను ఎవరూ అడగలేదు. వాళ్ల అమ్మమ్మ ఎట్లా పట్టుకున్నదో అడిగి చూడండి.

మిర్యాల_పంతులమ్మ
అందరి పోస్టులూ రెండుసార్లు చదివాను. రైటరు గారు చెప్పినట్టు ఇవాళ బడిలో ఆ అమ్మాయిని పక్కకు పిలిచి, "అమ్మమ్మ నిన్ను ఎట్లా పట్టుకున్నదమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, నా కుడిచేతి చిటికెన వేలును తన పిడికిట్లో బిగించి, "గిట్ల" అన్నది. అమ్మమ్మ మంచంలోనే ఉన్నదట, లేవలేదట. ఆటో వచ్చి హారను కొట్టినా వేలు ఇడువలేదట. వాళ్ల అమ్మ వచ్చి ఒక్కొక్క వేలూ విడిపించవలసి వచ్చిందట.

అంటే అక్కడ కౌగిలి అనేదే లేదు. నేను దిద్దింది భాషను అనుకున్నాను, జరిగినదాన్నే మార్చేశాను. ఆ తల్లి "మా అమ్మ గట్ల చెయ్యలే" అన్నది సిగ్గుతో అన్న మాటని నేనూ అనుకున్నాను, ఇక్కడ కొందరూ అనుకున్నారు. ఆమె జరిగింది చెప్పింది, అంతే.

వాకిట్లో_వ్యాకరణం
ఆ సంగతి నాకూ తట్టలేదు. ‘నన్ను పట్టుకొని’ అన్నచోట ‘నా వేలు పట్టుకొని’ అని ఆ అమ్మాయి చేత చేర్పించవచ్చు కదా?

మర్రిగూడ_మనుమడు
వద్దండీ. వేలే పట్టుకున్నా, తనను పట్టుకున్నదనే ఆ పిల్లకు అనిపించింది. అట్లాగే ఉండనివ్వండి.

ఉడుంపట్టు
నాది కూడా అదే మాట. కావాలంటే వేలు సంగతి ఇంకొక వాక్యంగా రాయించండి. ఆటో, హారను, వాళ్ల అమ్మ వేళ్లు విడిపించడం, అవి కూడా రావాలి.

మిర్యాల_పంతులమ్మ
అడిగాను. పదకొండో వాక్యంగా రాసింది: "ఆటో వచ్చినా అమ్మమ్మ నా ఏలు ఇడువలేదు." ‘ఏలు’, ‘ఇడువలేదు’ అట్లాగే ఉంచాను. నా ఎర్ర గీత మీద తెల్ల కాగితం ముక్క అంటించి, దాని మీద ‘పట్టుకొని’ అని ఆ పిల్ల చేతనే మళ్లీ రాయించాను.